ప్రాసెసర్ వేడి: అంకె చెప్పేదెంత?

ప్రాసెసర్ తీసుకునే విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడి క్లాక్ వేగంతోనూ, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది కనుక, వేగం కోసం వోల్టేజీని కాస్త పెంచినా దాని మూల్యం ఎక్కువగానే ఉంటుంది. క్లాక్ వేగాన్నే నమ్ముకుని సాగిన ఇంటెల్, 2004లో తేజస్ అనే ప్రాసెసర్‌ను మధ్యలోనే వదిలేసి, ఒకే ప్రాసెసర్‌లో రెండు కోర్లు ఉంచే మార్గానికి మళ్లడానికి ఒక ముఖ్య కారణం ఈ వేడే.

ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్ సిలికాన్ లోపలే ఉంటుంది. స్థిరమైన కరెంటు పారుతున్న డయోడ్ కొసల మధ్య వోల్టేజీ, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఇలాంటి ధర్మమే ఈ కొలతకు ఆధారం. అయితే ఇంటెల్ కోర్ శ్రేణిలోని సెన్సర్ ఉష్ణోగ్రతను నేరుగా చెప్పదు. గరిష్ఠ పరిమితికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో చెబుతుంది. పరిమితి 100, దూరం 38 అయితే, కోర్ టెంప్ వంటి ప్రోగ్రామ్ తీసివేత చేసి 62 అని చూపుతుంది. పరిమితికి దగ్గరయ్యే కొద్దీ ఈ కొలత మరింత నమ్మదగినదవుతుంది గనుక, పనిలేకుండా ఉన్న కంప్యూటర్ 34 చూపిందా, 38 చూపిందా అని తర్కించుకోవడం వృథా శ్రమ.

పరిమితిని తాకిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది. ఈ రక్షణ మొదటి నుంచీ ఉన్నది కాదు: 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్ చేసిన ప్రయోగంలో, నడుస్తుండగా వేడిని లాగే హీట్‌సింక్‌ను తీసేస్తే ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి కాలిపోగా, ఇంటెల్ పెంటియమ్ 4 వేగం తగ్గించుకుని బతికిపోయింది. 2022లో వచ్చిన ఏఎండీ రైజెన్ 7000 శ్రేణిలోని పెద్ద ప్రాసెసర్లు, భారీ పనిలో 95 డిగ్రీల దగ్గర నడిచేలాగే రూపొందాయి. కాబట్టి పెద్ద అంకె ఒక్కటే ప్రమాద సూచన కాదు. అదే పనికి మునుపటికంటే వేడెక్కడం, పనిమధ్యలో వేగం పడిపోవడం అసలైన లక్షణాలు.

ఫ్యాను, హీట్‌సింక్ ప్రాసెసర్‌ను గది గాలికంటే చల్లగా చేయలేవు, అందువల్ల రెంటచింతల ఎండల్లో 45 డిగ్రీల గదిలో పెట్టిన కంప్యూటర్, 25 డిగ్రీల ఏసీ గదిలో ఉన్నదానికంటే సుమారు 20 డిగ్రీలు వెనకబడే మొదలవుతుంది. దీనికి దుమ్ము తోడవుతుంది. ల్యాప్‌టాప్‌లో ఫ్యానుకూ, హీట్‌సింక్ రేకులకూ మధ్య దుమ్ము దళసరి పొరలా పేరుకుని గాలిని అడ్డుకుంటుంది, పరుపు మీద పెడితే అడుగున గాలి పీల్చే రంధ్రాలూ మూసుకుపోతాయి. ఏళ్లు గడిచిన థర్మల్ పేస్టును మార్చేటప్పుడు పలచగానే పూయాలి. ప్రాసెసర్, హీట్‌సింక్ తలాల మధ్య కంటికి కనిపించని గుంతలను నింపడమే దాని పని, దళసరిగా పూస్తే లోహం కంటే మందకొడిగా వేడిని మోసే ఆ పేస్టే అడ్డుగా నిలుస్తుంది.