మణికట్టు మీది స్మార్ట్‌వాచ్

పూర్వము చేతి గడియారము వేళ మాత్రమే తెలిపెడిది. నేటి స్మార్ట్‌వాచ్ పెక్కు పనులు చేయగలదు. అయినను, ధరించినవారు వాటినన్నిటిని వాడుకొనుట అరుదు. వేళ చూచుట, జేబులోని ఫోను తీయకయే పిలుచుచున్నవారెవరో తెలిసికొనుట, నడచిన అడుగులను లెక్కించుకొనుట - పెక్కుమందికి ఇవియే నిత్యకృత్యములు.

అడుగుల లెక్క చేతి కదలికను బట్టి జరుగును. కావుననే తోపుడుబండిని రెండు చేతులతో పట్టి త్రోయువాడు ఎంత నడచినను, కొన్ని అడుగులు లెక్కకు రాకపోవచ్చును!

నాడిని కొలుచు విధము మిక్కిలి వింతయైనది. గడియారము లోవైపున ఆకుపచ్చని దీపములు మినుకుమినుకుమనుచుండును. ఎఱ్ఱని రక్తము ఆ వెలుగును పీల్చుకొనును. గుండె కొట్టుకొనినప్పుడెల్ల మణికట్టున రక్తము హెచ్చి, తిరిగివచ్చు వెలుగు తగ్గును. ఈ హెచ్చుతగ్గులను బట్టియే నాడి తెలియును. పట్టీ వదులైనచో లెక్క తప్పును.

2018లో యాపిల్ సంస్థ తన గడియారమునకు, మనిషి గట్టిగా పడిపోవుటను గుర్తించు శక్తిని సమకూర్చెను. పడినవారు సుమారు ఒక నిమిషము కదలకున్నచో, చెంతనున్న ఫోను ద్వారా అది తనంతట తానే అత్యవసర సహాయమును కోరును. బిడ్డలు దూరదేశమున నుండగా ఇంట ఒంటరిగా నున్న వృద్ధులకు ఇది గొప్ప ఆసరా. అయినను, ఏ పాటునైనను అది తప్పక గుర్తించునని చెప్పుటకు వీలులేదు. గుండెపోటును అసలే కనిపెట్టజాలదు. ఎదలో నొప్పి కలిగినపుడు గడియారము చూచుకొనుచు కూర్చుండక వెంటనే వైద్యసహాయము పొందవలెను. ఇంకొక చిక్కు కలదు. ఇట్టి గడియారములను పెక్కింటిని దాదాపు ప్రతిదినము ఛార్జి చేయవలెను. రాత్రివేళ స్నానపుగదిలో జారిపడినపుడు అది గోడ చెంత ఛార్జింగులో నున్నచో, ఆ పిలుపు పోనే పోదు.