తెల్లని క్రీము, ఎర్రని ముఖము

కర్నూలు, కడప సీమలలో వేసవి యెండ 40 డిగ్రీలు దాటుట వింత కాదు. వేరుశనగ చేనిలో కలుపు తీయు స్త్రీకిని, బేతంచెర్ల నాపరాతి గనిలో పనిచేయు కూలికిని, స్కూటరు మీద బడికి పోవు ఉపాధ్యాయినికిని ఆ యెండయే తగులుచున్నది. చెక్కిళ్ల మీద గోధుమరంగు మంగుమచ్చలు తేలుట, మేనిఛాయ కమలుట ఇక్కడ సామాన్యము. కాన్పు తరువాత మంగు వచ్చినను, పెండ్లిచూపుల దినము దగ్గరపడినను, మన యిండ్లలో ముందుగా తలపునకు వచ్చునది డాక్టరు కాదు, వీధి చివరనున్న మందుల షాపు. అక్కడ దొరకు చిన్న ట్యూబు ఖరీదు తక్కువ, గుణము త్వరితము.

మొదటి మూడు నాలుగు వారములు ఆ గుణమే కనుపించును. మచ్చ పలచబడును, ముఖము నిగ్గు తేలును. "ఏం పూసుకుంటాండావక్కా, మొగం తెల్లగైంది!" అని పొరుగింటివారు అడుగుదురు. ఆ ట్యూబు పేరు ఆ పూటకే వీధి యంతయు తెలియును. అసలు కథ కొన్ని మాసములకు గాని మొదలు కాదు. ఒకనాడు క్రీము అయిపోవును. రెండు మూడు దినములలో ముఖము ఎర్రబడి, కారము పూసినట్లు మండును, దురద పుట్టును, చిన్న చిన్న కురుపులు లేచును. భయపడి మరల అదే క్రీము పూయగా గంటలలో చల్లబడును. "ఈ మందు లేకున్న నా ముఖము నిలువదు" అను నమ్మకము అప్పుడే కుదురును. మనము ఈ ప్రసంగమున విచారింపబోవునది ఆ నమ్మకమును గూర్చియే. ఏలయనగా, ఆ మంటకు కారణము క్రీము మానుట కాదు. అన్ని మాసములు క్రీము పూయుటయే.

ఆ ట్యూబులో నున్నది చాలసార్లు స్టీరాయిడు అను ఔషధము. ఇది చెడ్డ మందు కాదు. 1952లో అమెరికా వైద్యులు సల్జ్‌బర్గర్, విట్టెన్ అనువారు హైడ్రోకార్టిసోనును చర్మముపై పూసి, ఎగ్జిమా వంటి వాపు జబ్బులు తగ్గుట చూపిరి. చర్మవైద్యమున అదియొక మలుపు. తరువాతి దశాబ్దములలో బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటివి, అంతకు ఎన్నో రెట్లు బలము గలవి వచ్చినవి. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అను వైద్యులు మచ్చలు పోగొట్టుటకై హైడ్రోక్వినోను, ట్రెటినోయిను అను రెండు మందులకు ఒక స్టీరాయిడును చేర్చి మిశ్రమము తయారుచేసిరి. ఈ తెగకు చెందిన ఒక క్రీమును అమెరికాలో 2002లో మంగుమచ్చలకు అంగీకరించినప్పుడు, అది 8 వారములవరకు వాడవలసిన మందని నిర్ణయించిరి. మన దేశమున ఇట్టి మిశ్రమములనే స్నో, పౌడరు పూసినట్లు ఏండ్ల తరబడి పూసికొనువారు కలరు. కీడు మందులో కంటె ఆ వాడుకలో ఎక్కువగా నున్నది.

స్టీరాయిడు చర్మమును ఎట్లు తెలుపు చేయును? చర్మములోని సన్నని రక్తనాళములను అది ముడుచుకొనజేయును. రక్తపు ఎరుపు తగ్గి చర్మము పాలిపోయినట్లగును. 1962లో మెకెంజీ, స్టౌటన్ అనువారు ఈ పాలిపోవుటనే కొలమానముగా గైకొని, ఏ స్టీరాయిడు బలమెంతయో తెలిసికొను పరీక్షను కల్పించిరి. అనగా మనము "కళ" అనుకొనుచున్నది, నిజమునకు ఆ మందు బలమునకు కొలత. రంగును పుట్టించు కణముల పనిని కూడ అది మందగింపజేయును. అంతటితో ఆగదు. చర్మమునకు పట్టు నిచ్చు కొల్లాజెను అను పదార్థము క్రొత్తగా తయారగుటను తగ్గించును. పైపొర పలచబడును. మన యిండ్లలో మట్టిమిద్దెకు పైన చవుడు పోసి వాన కురియకుండ కాపాడుకొందుము గదా. ఆ చవుడు కొట్టుకొనిపోయిన మిద్దె వంటిది ఈ పలచబడిన చర్మము. లోని తడి నిలువదు. ఎండ, దుమ్ము, సబ్బు, చెమట ఏది తగిలినను లోపలికి నొప్పి పుట్టును.

క్రీము మానినప్పుడు అన్నాళ్లు బలవంతముగా ముడుచుకొనియున్న రక్తనాళములు ఒక్కసారిగా విప్పారును. అణగియున్న వాపు పైకి లేచును. ఆ మంటయు ఎరుపును ఇదియే. మన దేశపు చర్మవైద్యులు కౌశిక్ లాహిరి, అరిజిత్ కుండు అనువారు ఈ స్థితికి "స్టీరాయిడు వలన చెడి, స్టీరాయిడునకే అలవాటుపడిన ముఖము" అని అర్థమిచ్చు పేరు పెట్టిరి. ఇది ఎంత వ్యాపించినదో తెలుపుటకు ఒక లెక్క చాలును. దేశమున 12 వైద్యకేంద్రములలో జరిపి 2011లో ప్రకటించిన పరిశీలనలో, ముఖచర్మపు బాధతో వచ్చిన 2926 మందిలో 433 మంది ముఖమునకు స్టీరాయిడు పూయుచున్నవారే. వారిలో సగమునకు పైగా డాక్టరు సలహా లేకయే మొదలుపెట్టినవారు.

దీని గుర్తులు తెలిసికొనుట మేలు. ముఖము తరచు ఎర్రబడుట, ఎండకు పోగానే మండుట, పెద్ద వయసులో హఠాత్తుగా మొటిమలు లేచుట, చెక్కిళ్లపై దారముల వంటి ఎర్రని నాళములు కనబడుట, ఆడవారికి ముఖమున నూగు పెరుగుట, మానినపిమ్మట మంగు మునుపటికంటె నల్లబడుట. తామరకని అమ్ము కొన్ని మిశ్రమ క్రీములలో కూడ స్టీరాయిడు కలదు. అవి పూసినచో దురద తగ్గును గాని తామర లోలోన ప్రాకి ముఖమంతయు వ్యాపింపవచ్చును. ట్యూబుపై చిన్న అక్షరములలో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినొలోన్ అను పేర్లలో ఏదియున్నను అది స్టీరాయిడని గ్రహించవలెను. 2018లో ప్రభుత్వము ఇట్టి పలు క్రీములను డాక్టరు చీటీ లేక అమ్మరాని మందుల పట్టికలో చేర్చినది. కనుక చీటీ అడుగక ఇచ్చు షాపువాడు మనకు మేలు చేయుచున్నట్లు తలపరాదు.

పేరే లేని డబ్బాల సంగతి మరింత చెడ్డది. తయారీదారుని పేరుగాని, లోని పదార్థముల వివరముగాని లేని తెలుపు క్రీములలో పాదరసము ఉండుట పలుమార్లు బయటపడినది. పాదరసము చర్మపు రంగును అణచును. చర్మముగుండ లోపలికి పోయి మూత్రపిండములను చెరచును. 2021 నుండి 2023 వరకు కేరళలో వైద్యులు ఒక విధమగు మూత్రపిండ వ్యాధి గలవారిని పరీక్షింపగా, వారిలో పలువురు తెలుపు క్రీములు వాడినవారని తేలినది. ఇట్టి డబ్బాలు వాడినవారికి పాదములు, కనురెప్పలు వాచినను, మూత్రము నురుగు కట్టినను చర్మవైద్యునితో ఆగక మూత్రపరీక్ష కూడ చేయించుకొనవలెను.

బ్యూటీ పార్లరులో చేయు బ్లీచింగు, ఆమ్లములతో పైపొర నూడ్చు పీలింగు, లేసరు చికిత్స వీనివలనను కీడు కలుగవచ్చును. మన చామనఛాయ చర్మమునకొక స్వభావము కలదు: ఎక్కడ కాలినను, ఎక్కడ వాచినను, ఆ చోట నల్లని మచ్చను మిగుల్చును. తెలుపునకై చేయించుకొన్న చికిత్స నలుపును మిగుల్చుట ఇందువలననే. ఆరని చర్మమునకు మన వేసవి యెండ తగిలినచో ఆ మచ్చ మరింత ముదురును. తెలిసిన చర్మవైద్యుడు ఇట్టివానిని చేయుటకు ముందు చర్మమును సిద్ధపరచును, తరువాత ఎండనుండి కాపాడుకొను విధము చెప్పును; ఆ రెండును లేనిచోట చేయించుకొనరాదు.

ఇక చెడిన ముఖముతో దినములు గడుపుట యెట్లు? మొదటి పని, వాడిన ట్యూబులను పారవేయక సంచిలో వేసికొని చర్మవైద్యుని యొద్దకు పోవుట. "ఏమియు పూయలేదు" అని సిగ్గుపడి దాచినచో వైద్యునికి దారి తెలియదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలయందును, కడప రిమ్స్ ఆసుపత్రియందును చర్మవ్యాధుల విభాగములు కలవు. మందు వలన కలిగిన కీడును తెలుపుటకు దేశమంతటికిని ఉచిత టెలిఫోను 1800-180-3024 కలదు. మనము తెలిపిన ఒక్క ఫిర్యాదు మరియొకరి ముఖమును కాపాడవచ్చును.

రెండవది, క్రీము మానుట. ఒకేసారి మానవలెనా, బలము తక్కువ దానికి మారి క్రమముగా మానవలెనా అనునది వాడిన కాలమును, మందు బలమును బట్టి వైద్యుడు నిర్ణయించును. మంటను అణచుటకు టాక్రోలిమస్ వంటి స్టీరాయిడు కాని లేపనమును, కురుపులకు నోటిమాత్రలను ఇయ్యవచ్చును. గర్భవతులును, బిడ్డకు పాలిచ్చు తల్లులును ఆ సంగతి ముందే చెప్పవలెను. ఈ మందులలో కొన్ని వారికి తగవు. మానిన మొదటి వారములు కఠినమైనవి. అప్పుడే చాలమంది ఓడిపోయి పాత ట్యూబును వెదకుదురు, లేదా పొరుగువారు చెప్పిన క్రొత్త ట్యూబు కొందురు. ఆ మంట క్రొత్త జబ్బు కాదనియు, తగ్గుటకు ముందు పెరుగుననియు ఇంటిల్లిపాదికి ముందుగా తెలిసియుండిన సగము కష్టము తీరును.

మూడవది, ముఖమును దాని మానాన విడిచిపెట్టుట. పూయు వస్తువు లెంత తగ్గిన అంత మేలు. మన ప్రాంతపు బోరు నీరు చాలచోట్ల కఠినజలము. సబ్బు నురుగు రాదు, దాని పొర చర్మముపై నిలిచిపోయి పొడిబారజేయును. కావున ముఖమునకు సబ్బు మాని, త్రాగుటకు వాడు మంచినీటితో, చల్లగానో గోరువెచ్చగానో, దినమునకు రెండుమార్లు కడిగిన చాలును. తువ్వాలుతో రుద్దక అద్దవలెను. తడి యారకముందే సువాసన లేని సాదా లేపనము పలుచగా పూయవలెను. నలుగుపిండి, శనగపిండి, పసుపు మంచి చర్మమునకు మన పెద్దలు వాడినవే. పుండువంటి చర్మమును వానితో రుద్దుట తగదు. పెండ్లికూతురైనను నలుగు చేతులకు, కాళ్లకు పెట్టి ముఖమును విడువవచ్చును. శాస్త్రమునకు లోపము రాదు. నిమ్మరసము అసలే కూడదు. నిమ్మరసము పూసి యెండకు పోయినచో చర్మము బొబ్బలెక్కి నల్లబడును. వంటసోడాయు, టూత్‌పేస్టును అట్టివే.

నాలుగవది ఎండ. ఉదయము 10 గంటలనుండి సాయంకాలము 4 గంటలవరకు దాని బలమెక్కువ. నాపరాతి బండలు, సున్నపు గోడలు ఎండను తిప్పికొట్టును గనుక నీడలో నున్నను కొంత తగులును. కొనగలవారు 30 లేక అంతకుమించిన ఎస్.పి.ఎఫ్. గల సన్‌స్క్రీనును, వైద్యుని నడిగి, ముఖమునకు మెడకు కలిపి రెండు వ్రేళ్ల పొడవున తీసికొని పూసి, బయటనున్నంతసేపు రెండు మూడు గంటలకొకసారి మరల పూయవలెను. జింకు ఆక్సైడు గలవి మంటపుట్టు చర్మమునకు సాధారణముగా ఓర్చును. కొనలేనివారు చింతిల్లనక్కరలేదు. పలుచని పైటకొంగు చాలదు గాని, దట్టముగ నేసిన నూలుగుడ్డను రెండు మడతలుగా ముఖమునకు చుట్టుకొని, పైన గొడుగు పట్టుట చౌకయైన మంచి చికిత్స. పొయ్యి సెగయు ఎరుపును పెంచును. ఆ కొలది మాసములు రొట్టెలు కాల్చు పని ఇంటిలో మరియొకరు అందుకొన్నచో తప్పులేదు.

ఎంతకాలము? కొందరికి కొలది వారములు, పెక్కుమందికి మాసములు, ఏండ్ల తరబడి వాడినవారికి ఒక సంవత్సరమునకు మించియు పట్టవచ్చును. ఎరుపు, మంట, కురుపులు చాలవరకు పోవును. నూగు మెల్లగా తగ్గును. పలచబడిన చర్మము కొంత కోలుకొనును. తేలిన నాళములు కొన్ని మిగులవచ్చును. వానికి తరువాత, చర్మము కుదుటపడినపిమ్మట, తగిన చికిత్స కలదు. మంగు ఎండతో మరల మరల వచ్చు స్వభావము గలది. దానిని అదుపున నుంచుకొనవచ్చును గాని శాశ్వతముగా తుడిచివేయుదుమని చెప్పువారిని నమ్మరాదు. నెలకొకసారి ఒకే కిటికీ వెలుతురున ఫోటో తీసికొని యుంచుకొన్నచో, దినదినము అద్దములో కనబడని మేలు అందు కనబడును.

ముఖము చెడినవారు క్రమముగా పేరంటములు మానుదురు, పెండ్లిండ్లు మానుదురు, పనికి సెలవు పెట్టుదురు. వారిని "నీకెవరు పూయమన్నారు" అని దెప్పుట సులభము. పూయుమన్నవారము మనమే. "పిల్ల కొంచెము ఛాయ తక్కువ" అని పెండ్లిచూపుల నాడు మనము పలికిన మాటయే ఆ ట్యూబును కొనిపించినది. చామనఛాయ జబ్బు కాదు. ఈ యెండలో బ్రతుకుటకు చర్మము తనకు తాను పట్టుకొన్న గొడుగు. ఆ మాట ఇంటిలో పెద్దవారు ఆడపిల్లల యెదుట ఒక్కసారి గట్టిగా పలికినచో, మందుల షాపునకు పోవు కాళ్లు కొన్ని తప్పక ఆగును. నిద్ర పట్టక, అన్నము రుచింపక, బ్రతుకుమీద విసుగు పుట్టినవారు ఆ సంగతియు వైద్యునికి చెప్పవలెను. అదియు ఈ వ్యాధిలో భాగమే, దానికిని చికిత్స కలదు.

పొరుగింటి అక్క ముఖము హఠాత్తుగా తెల్లబడినచో ఇకమీద మనము అడుగవలసిన ప్రశ్న "ఏమి పూయుచున్నావు?" అనునదే. అయితే అది మనము కొనుటకై కాదు. ఆ ట్యూబును తెప్పించి, దానిపైనున్న చిన్న అక్షరములను ఆమెతో కలిసి చదువుటకు.