కువైట్‌లో ఇంటి పనివారి చట్టం

మన పూర్వులు మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వచ్చారు. 1867 చట్టంతో, ఒప్పందం ముగిసినవారు సైతం ఫొటో ఉన్న పాసు వెంట ఉంచుకోవలసి వచ్చింది. తరగతిలో పిల్లలకు మేము ఈ కథ చెబుతూ ఉంటాము.

నేడు కడప, గోదావరి జిల్లాల ఆడపడుచులు కువైట్ ఇళ్ళలో పనిచేస్తున్నారు. ఆ సంపన్న దేశంలో పౌరులకు చదువు, వైద్యం ఉచితం. పేదరికం పనివారి గదుల్లో ఉంది. వారికోసం ప్రభుత్వం 2015లో 68వ నంబరు చట్టం చేసింది. వారానికొక సెలవు ఇవ్వాలి. పనివారి సమ్మతి లేనిదే యజమాని పాస్‌పోర్టు ఉంచుకోరాదు. 2016లో కనీస జీతం నెలకు 60 దినార్లుగా నిర్ణయించారు.

ఇది మేలే. కాని యజమాని ఒప్పుకోనిదే మరో ఇంటికి మారడం సాధారణంగా కుదరదు. కదలలేనివారికి జీతం అడిగే ధైర్యం ఎక్కడిది? పాసు కథ తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు.