మీకు తెలుసా? కుందేలుకు 18 గోళ్లు

కుందేలుకు ముందు పాదానికి 5, వెనుక పాదానికి 4 చొప్పున మొత్తం 18 గోళ్లు. కుక్కకు, పిల్లికి ఉన్నట్టు అరికాలి మెత్తలు దీనికి ఉండవు. దట్టమైన బొచ్చే ఆధారం. గోరు పెరిగితే బరువు మడమ మీదికి జరిగి అక్కడ పుండు పడుతుంది. బోనులో పెరిగే కుందేలు నేల తవ్వదు కనుక గోరు అరగదు. నెలకో, నెలన్నరకో ఒకసారి కత్తిరించక తప్పదు.

కొడైకానల్ దాటాక వచ్చే మన్నవనూరులో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడ పెంచిన రెండు జాతులు చాలు, ఈ పనిలోని తేడా తెలియడానికి. వైట్ జెయింట్ తెల్లనిది. దాని లేతరంగు గోటిలో రక్తనాళం, నరం ఉన్న గులాబీ భాగం కంటికి కనిపిస్తుంది. బూడిదరంగు సోవియట్ చించిల్లా గోరు ముదురు రంగు. కింద నుంచి టార్చి వేస్తే తప్ప ఆ భాగం తెలియదు. ఏ జాతికైనా కోత దానికి 2 మిల్లీమీటర్లు ఇవతలే పడాలి.

వెల్లకిలా పడుకోబెడితే కుందేలు కదలదు. అది నెమ్మది కాదు, వేటాడే జంతువుకు చిక్కినప్పటి భయం. తువాలు చుట్టి, పిరుదుల కింద చెయ్యి ఆనించి, ఒక్కో పాదమే బయటికి తీయడం మేలు. ఆధారం లేకుండా గట్టిగా తన్నితే నడుము ఎముకే విరగవచ్చు. దాని ఎముకలు అంత తేలిక. బెదిరితే ఆ పూటకు ఆపి, మిగతావి మర్నాడు. రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది కాసేపు నొక్కిపట్టాలి.