జవాబు తెలుసు... నోరు పెగలదు!

పెద్ద కంపెనీల ఇంటర్వ్యూల్లో మన ఊళ్ల పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు?

సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పండించే హాలియాలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని కూలీల ఇళ్లకూ బీటెక్ చేరింది. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట కాలేజీల్లో పట్టా పుచ్చుకోవడం, సాగర్ రోడ్డున బస్సెక్కడం, అమీర్‌పేట హాస్టల్లో మంచం సంపాదించి కోర్సులో చేరడం... ఇంతవరకు దారి అందరికీ తెలిసిందే. సైబర్ టవర్స్ మొదలైన 1998లోనే మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌కు వచ్చింది. 2004లో గూగుల్, 2019లో నానక్‌రామ్‌గూడలో అమెజాన్ భారీ భవనం. గుమ్మాలు దగ్గరికొచ్చాయి గానీ, లోపలికి పోవడమే కష్టం.

లోపల ఏం అడుగుతారు?

ఒక మామూలు ప్రశ్న చూద్దాం. వెయ్యి సంఖ్యల జాబితాలో, కలిపితే వంద వచ్చే జంట ఉందా? ప్రతి సంఖ్యనూ మిగతా వాటితో జత చేసి చూస్తే దాదాపు 5 లక్షల జంటలు తేలతాయి. చూసిన సంఖ్యల్ని గుర్తుపెట్టుకుంటూ పోతే ఒక్కసారి చదివితే చాలు. మన పిల్లల్లో చాలామందికి ఈ రెండో పద్ధతి వచ్చు. తలొంచుకుని ప్రోగ్రామ్ రాసేసి కూర్చుంటారు. ఎదుటి మనిషి చూసేది వేరే: ‘ఒకే సంఖ్య రెండుసార్లు రావచ్చా?’ అని అడిగారా? మొదటి పద్ధతి ఎందుకు వద్దనుకున్నారో చెప్పారా? రెండోదానికి మెమరీ ఎక్కువ పడుతుందని ఒప్పుకున్నారా?

చెప్పడమే కాదు, ఎదురు చెప్పడమూ రావాలి. అమెజాన్ తన 16 నాయకత్వ సూత్రాల్లో ఒకదానిలో, ఒప్పుకోని విషయాన్ని గౌరవంగానే అయినా గట్టిగా చెప్పాలంటుంది. నిర్ణయం జరిగాక మాత్రం అందరితో కలిసి నడవాలి. సార్ చెప్పింది రాసుకోవడమే చదువనీ, ఎదురడిగితే పొగరనీ నేర్పిన క్లాసుల్లోంచి వచ్చిన పిల్లకు ఇది కొత్త లోకం. ఉద్యోగం వచ్చాకా ఇదే తంతు. ఆమె రాసిన కోడ్‌ను తోటివాళ్లు రివ్యూ చేసి ‘ఇలా ఎందుకు?’ అంటారు. సీనియర్ కోడ్‌లో తప్పు కనబడితే తనూ చెప్పాలి.

ఇలా నోరు విప్పడం నేర్చుకోవడానికి అమీర్‌పేటలో కోర్సు అక్కర్లేదు. కాలేజీలో వారానికో గంట చాలు. ఒకరు బోర్డు మీద లెక్క చేస్తూ పైకి చెప్పాలి, మరొకరు ‘ఎందుకు?’ అని అడుగుతూనే ఉండాలి. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో. ఆ గంటలో లెక్చరర్‌నూ ప్రశ్నించే వీలుండాలి. సార్‌ను అడగడానికి జంకే పిల్ల, నానక్‌రామ్‌గూడలో ముక్కూమొహం తెలియని మేనేజర్‌ను ఏం అడుగుతుంది?