ముందు ఉప్పు, తరవాత నిమ్మరసం

పెళ్లి భోజనాల్లో, బిర్యానీ పక్కన, హోటల్ థాలీలో ఒక మూలన కనిపించే కీరా సలాడ్‌ని చాలామంది ముట్టుకోకుండానే వదిలేస్తారు. కీరా బిళ్లలు నాలుగు, ఉల్లిపాయ చక్రాలు రెండు, ఒక నిమ్మచెక్క, అడుగున చప్పటి నీళ్లు. ఇందులో కీరా తప్పేమీ లేదు. సలాడ్ అంటే ముక్కలు కోసి పైన ఏదో ఒకటి చల్లడమేనని అనుకోవడంలో ఉంది తప్పంతా. కీరా సలాడ్‌లో వంట అంటూ ఏదైనా ఉంటే అది నీళ్లను అదుపులో పెట్టడమే. ఆ ఒక్క పని సరిగ్గా జరిగితే ఉప్పు, నిమ్మరసం, పచ్చిమిర్చి చాలు. జరగకపోతే చాట్ మసాలా డబ్బా అంతా కుమ్మరించినా నాలిక్కి తగలదు.

కీరా బరువులో దాదాపు 95 శాతం నీరే. 100 గ్రాములు తిన్నా ఒంటికి చేరేది 15 కేలరీలు. ఆ నీరు కణాల్లో బిగువుగా నిండి ఉన్నంతసేపే ముక్క కరకరలాడుతుంది. కత్తి తగిలినచోట కణాలు చిట్లి కాస్త తడి బయటికొస్తుంది. కీరా వాసన ఘుమ్మని వచ్చేదీ అప్పుడే, ఎందుకంటే ఆ వాసన కాయలో ముందే తయారై ఉండదు, చిట్లిన కణాల్లోని ఎంజైములు అక్కడి కొవ్వు పదార్థాల మీద పనిచేశాక పుడుతుంది. ఆ తడి మీద ఉప్పు పడితే కరిగి చిక్కటి ఉప్పునీరవుతుంది, లోపలి కణాల్లోని నీటిని బయటికి లాగుతుంది. స్కూల్లో ద్రవాభిసరణం అని చదువుకున్నది ఇదే. ఉప్పు వేశాక ఈ లాగుడు ఎలాగూ ఆగదు. అది వడ్డనకు ముందు చిల్లుల గిన్నెలో జరగాలా, వడ్డించాక కంచంలో జరగాలా అన్నదొక్కటే మన చేతిలో ఉంది. కంచంలో జరిగితే నిమ్మరసం, ఉప్పు, మిరియాల పొడి అన్నీ ఆ నీళ్లతో పాటే అడుగుకి దిగిపోతాయి, ముక్క చప్పగా పైన మిగులుతుంది.

కాబట్టి ముందు ఉప్పు. అరకిలో కీరాలు కడిగి, రెండు కొసలూ తీసేసి, నిలువునా చీల్చి, గింజలు ముదిరితే చెంచాతో గీకెయ్యాలి. కాయ మొత్తంలో ఎక్కువ నీళ్లు కార్చేది ఆ గింజల చుట్టూ ఉన్న జిగురే. లేత కాయలైతే ఆ అవసరం లేదు. పలచటి ముక్కలుగా తరిగి, ఒక చిన్న చెంచాడు ఉప్పు కలిపి, చిల్లుల గిన్నెలో ఇరవై నిమిషాలు వదిలెయ్యాలి. మొదటి ఐదు నిమిషాల్లో పెద్దగా ఏమీ కనబడదు. తరవాత ముక్కలు మెరవడం మొదలవుతుంది, కింద పెట్టిన పళ్లెంలో లేతాకుపచ్చ నీరు చేరుతుంది. రెండు చేతులా ముక్కల్ని నొక్కి పిండి, ఒకటి నోట్లో వేసుకుని చూడాలి. ఉప్పు ఎక్కువనిపిస్తే ఒక్కసారి నీళ్లలో ముంచి తీసి, మళ్లీ పిండి, పొడిగుడ్డ మీద ఆరబెట్టుకోవచ్చు. నిమ్మరసం, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర ఆ తరవాతే. ఇష్టమున్నవాళ్లు ఆవాలు, ఇంగువ పోపు పెట్టుకుంటారు. మళ్లీ ఉప్పు వెయ్యక్కర్లేదు.

ఇది మన వంటింటికి కొత్త విద్యేమీ కాదు. కాకరకాయ ముక్కలకి ఉప్పు, పసుపు రాసి, కాసేపాగి గట్టిగా పిండి, ఆ పైన వేయించడం ఎన్నో ఇళ్లలో మామూలే. దోసావకాయ కలిపిన మర్నాడు జాడీలో ఊట ఎంత దిగుతుందో పెట్టినవాళ్లందరికీ తెలుసు. అక్కడ ఆ ఊట కావాలి, ఎందుకంటే అది ఆవపిండిని, కారాన్ని, నూనెని కలుపుకుని చిక్కబడి ముక్కని అంటిపెట్టుకుంటుంది. సలాడ్‌లో దాన్ని పట్టి ఉంచే పిండీ లేదు, పొడీ లేదు. పైగా పప్పులోకి, పచ్చట్లోకి వాడే పసుపుపచ్చ దోసకాయ వేరే మొక్క, శాస్త్రం ప్రకారం ఖర్బూజా జాతి. దాని కండ గట్టిది, ఉప్పులో నానినా నిలబడుతుంది. కీరాకి అంత ఓపిక లేదు. ఆశ్చర్యమేమిటంటే, ఒకరి వంట ఒకరికి తెలియని దేశాలు కూడా ఈ ఉపాయానికే వచ్చాయి. గ్రీకులు పెరుగులో కలిపే జజికీకి కీరాని తురిమి, ఉప్పేసి పిండుతారు. హంగరీవాళ్లు పలచటి చక్రాలకి ఉప్పు పట్టించి, పిండి, వెనిగర్ పోసి, మీద ఎర్రటి పాప్రికా చల్లుతారు. జపాన్‌లో ఉప్పుతో మెత్తగా పిసికి, నీరు తీసేసి, బియ్యపు వెనిగర్‌లో వేస్తారు. పులుపు, కారం, పాడి మారాయి గానీ మొదటి అడుగు మాత్రం అందరిదీ ఒకటే. గ్రీకులు చేసే ఆ పని మనం పెరుగు పచ్చడికి చెయ్యం, అందుకే కీరా వేసిన పెరుగు పచ్చడి అన్నంలోకి వచ్చేసరికి మజ్జిగైపోతుంది.

మరి కోసంబరి సంగతేమిటి, శ్రీరామనవమి వడపప్పులో కీరా ముక్కలు కలిపేవాళ్లు పిండుతున్నారా అని అడగొచ్చు. పిండరు. కానీ వాళ్లు నీళ్ల సంగతి మరిచిపోలేదు, ఇంకో దారిలో వెళ్లారు. కోసంబరి తెలిసిన చెయ్యి ఉప్పు, నిమ్మరసం ఆఖరి నిమిషంలోనే కలుపుతుంది, కలిపింది కలిపినట్టే వడ్డిస్తుంది. మహారాష్ట్రవాళ్ల ఖమంగ్ కాకడీలో వేయించిన వేరుశనగల పొడి పడుతుంది. రుచి కోసం వేసే ఆ పొడే దిగిన నీటిని కూడా పీల్చుకుని ముక్కకి పూతలా పడుతుంది. అంటే దారులు మూడు: ముందే తీసెయ్యడం, దిగేలోపే తినెయ్యడం, దిగినదాన్ని దేనికైనా పట్టించడం. ఇంట్లో నలుగురూ నాలుగు వేళల్లో భోంచేస్తారు గనక మొదటిదే నమ్మకమైనది. గంట తరవాత తిన్నవాళ్లకీ అదే రుచి దొరుకుతుంది. పిండితే ముక్క మెత్తబడదా అంటే, వంగుతుంది, నిజమే. కొరికితే మాత్రం పళ్ల కింద గట్టిగా తగులుతుంది. పచ్చి కీరాలోని రసం ఉండదు. రసమే కావాలనుకుంటే ముక్క మీద ఉప్పు, కారం అద్దుకుని నేరుగా తినడం మేలు, దానికి సలాడ్ దేనికి?

ఉప్పు చేదుని లాగేస్తుందనే నమ్మకం కూడా ఉంది. దాన్ని నేను సమర్థించను. చేదుకి కారణం కుకుర్బిటాసిన్ అనే పదార్థాలు. హిమాలయ పాదాల్లో పెరిగే అడవి కీరాలో ఇవి దండిగా ఉంటాయి. సాగు రకాల్లో మనుషులు తరతరాలుగా ఏరి తగ్గించారు గానీ, ఎండకి, నీటి ఎద్దడికి మళ్లీ తల ఎత్తుతాయి. తొడిమ వైపున, తొక్క కిందనే ఎక్కువ. కొసని కోసి నురగ వచ్చేదాకా రుద్దడం అందరూ చేసేదే. పని జరుగుతున్నది రుద్దడం వల్లనో, ఆ కొసని కోసి పారెయ్యడం వల్లనో ఆలోచిస్తే రెండోదానికే నా ఓటు. అప్పటికీ బాగా చేదుంటే ఉప్పుతో కప్పిపుచ్చకుండా కాయని పారెయ్యాలి. ఈ కుటుంబానికే చెందిన సొరకాయ రసం చేదుగా ఉంటే తాగొద్దని భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల కమిటీ చెప్పింది ఈ పదార్థాల వల్లే.

పోషకాలు నీళ్లపాలవుతాయనే అభ్యంతరం కొంతవరకు నిజం. పొటాషియం కొంత పోతుంది. అయితే కీరాలో సి విటమిన్ మొదటినుంచీ తక్కువే, చెప్పుకోదగ్గ కె విటమిన్ నీటిలో కరగదు, దాన్ని పోగొట్టేది తొక్క తీసే అలవాటు. అందుకే శుభ్రంగా కడిగి తొక్కతోనే కోయమంటాను. కడగడంలో మాత్రం బద్ధకం పనికిరాదు: 2015లో అమెరికాలో కీరాల ద్వారా సాల్మొనెల్లా పాకి 900 మందికి పైగా జబ్బుపడ్డారు. దిగిన నీటిని పారబోయక్కర్లేదు, మజ్జిగలోనో చపాతీ పిండిలోనో కలిపి అక్కడ ఉప్పు తగ్గించుకుంటే సరి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం రక్తపోటు ఉన్నవాళ్లది. రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సలాడ్‌కి పట్టించిన చెంచాడు అంతకి తక్కువేమీ కాదు. పిండినప్పుడు కొంత పోతుంది, కడిగితే ఇంకొంత పోతుంది, పూర్తిగా మాత్రం పోదు. అలాంటివాళ్లున్న ఇంట్లో వాళ్ల వాటా ముందే విడిగా తీసిపెట్టండి. గింజలు గీకేసి, ముక్కలు కాస్త లావుగా కోసి, ఉప్పు లేకుండా నిమ్మరసం, వేరుశనగ పొడి కలిపి, కలిపిన వెంటనే కంచంలో వెయ్యండి.