నాలుగో నంబర్ జెర్సీ

బాస్క్ కొండల్లోని ఇనుప పనివాళ్ల ఊరి నుంచి వచ్చిన డిఫెండర్ ఇరేనే పరేదేస్. ఆమె కెరీర్‌లో సగం పోరాటం ప్రత్యర్థి జట్లతో, సగం సొంత దేశపు ఫుట్‌బాల్ ఫెడరేషన్‌తో.

2024 ఆగస్టు 3. లియోన్‌లో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్. ప్రపంచ చాంపియన్ స్పెయిన్ మీద కొలంబియా 2-0తో ఆధిక్యంలో ఉంది. 79వ నిమిషంలో జెన్నీ ఎర్మోసో ఒక గోల్ కొట్టింది గానీ, గడియారం మాత్రం ఆగడం లేదు. ఇంజురీ టైమ్ ఏడో నిమిషంలో స్కోరు సమం చేసింది స్ట్రైకర్ కాదు, వెనక నుంచి పైకొచ్చిన డిఫెండర్ ఇరేనే పరేదేస్. షూటౌట్‌లో 4-2తో స్పెయిన్ గట్టెక్కింది.

సరిగ్గా మూడు రోజులకు మార్సేలో బ్రెజిల్‌తో సెమీఫైనల్. ఆరో నిమిషంలో స్పెయిన్ గోల్‌కీపర్ కాటా కోల్ బంతిని దూరంగా తన్నబోయింది. అది వెళ్లి ఎదురుగా ఉన్న పరేదేస్‌కు తగిలి సొంత వలలోనే పడింది. స్పెయిన్ 2-4తో ఓడింది. ఆ తర్వాత కాంస్యం కూడా జర్మనీకి వదులుకుని ఖాళీ చేతులతో ఇంటికి వచ్చింది.

పెద్ద టోర్నీలో సెల్ఫ్ గోల్ ఆమెకు కొత్త కాదు. 2013 యూరో క్వార్టర్ ఫైనల్లో నార్వే మీదా అదే జరిగింది. అప్పుడామెకు 22 ఏళ్లు. ఆ రెండు సెల్ఫ్ గోల్స్‌కు మధ్య 11 ఏళ్లున్నాయి. స్పెయిన్ మహిళల ఫుట్‌బాల్ ఎవరూ పట్టించుకోని స్థితి నుంచి ప్రపంచ కప్పు దాకా నడిచింది ఆ కాలంలోనే. అలెక్సియా పుతెయాస్, ఐతానా బొన్మతీల కథలు ఇప్పటికే చాలాచోట్ల వచ్చాయి. ఇద్దరికీ బాలన్ డోర్‌లు ఉన్నాయి కాబట్టి అది సహజం. కానీ ఆ నడకలో ఏ మలుపు దగ్గర ఏం జరిగిందో తెలియాలంటే పరేదేస్ కెరీర్‌నే చూడాలి.

అబ్బాయిల మధ్య ఒక్కతే

లెగాస్పి, గిపుస్కోవా ప్రావిన్స్‌లో ఉరోలా లోయలోని చిన్న ఊరు. శతాబ్దాలుగా అక్కడి వాళ్లకు కొలిమి పనే జీవనం. పారలు, గొడ్డళ్లు తయారుచేసే బెయోటా కంపెనీది ఆ ఊరే. 1991 జులై 4న పుట్టిన ఇరేనే, చిన్నప్పుడు అబ్బాయిలతో కలిసే ఆడింది. ఆడపిల్లలకు వేరే దారి కూడా లేదు. పక్కనే శాన్ సెబాస్టియన్‌లో ఉన్న పెద్ద క్లబ్ రియల్ సొసియెదాద్ మహిళల జట్టు పెట్టిందే 2004లో. సముద్రం ఒడ్డున ఉన్న సరౌట్స్ ఊరి జట్టులో కొన్నాళ్లు ఆడి, 2008లో ఆ సొసియెదాద్‌కే చేరింది.

మూడేళ్లకు బిల్బావోలోని అథ్లెటిక్ క్లబ్‌కు మారింది. బాస్క్ ప్రాంతంలో ఈ మార్పు చిన్న విషయం కాదు. ఆ రెండు క్లబ్బులూ ఇరుగుపొరుగు, అందుకే బద్ధ ప్రత్యర్థులు. బాస్క్ నేలకు చెందినవాళ్లను తప్ప ఎవర్నీ తీసుకోననే పట్టుదల అథ్లెటిక్‌ది. పురుషుల జట్టుకూ, మహిళల జట్టుకూ అదే నియమం. ఆ కట్టుబాటుతోనే 2016లో మహిళల లీగ్ గెలిచింది. టైటిల్ చేతిలో పెట్టుకుని పరేదేస్ ప్యారిస్ విమానం ఎక్కింది.

ఎందుకంటే స్పెయిన్‌లో అప్పటికి మహిళల లీగ్ ప్రొఫెషనల్ కాదు. క్రీడాకారిణుల కనీస జీతం ఎంతో చెప్పే ఒప్పందమే లేదు. దేశం తరఫున వరల్డ్ కప్ ఆడొచ్చిన మనిషి కూడా ఆటనే నమ్ముకుని బతకలేని రోజులవి. ప్యారిస్ సెయింట్ జెర్మెయిన్‌లో ఐదేళ్లు ఆడింది, కెప్టెన్ అయింది. 2017 చాంపియన్స్ లీగ్ ఫైనల్ గోల్స్ లేకుండా ముగిసి షూటౌట్‌లో 6-7తో పోయింది. చివరి పెనాల్టీ కొట్టింది లియోన్ గోల్‌కీపర్! ఆ లియోన్ ఫ్రెంచ్ లీగ్‌ను వరసగా 14 సార్లు గెలిచిన జట్టు. 2021లో ఆ వరసకు అడ్డుకట్ట వేసిన ప్యారిస్ జట్టుకు కెప్టెన్ పరేదేసే. ఆ పని ముగించుకునే బార్సిలోనాకు వచ్చింది.

ఆమె దూరంగా ఉన్న ఆ ఐదేళ్లలోనే స్వదేశంలో సమ్మె జరిగింది. 2019 నవంబరులో ఒక వారాంతం లీగ్‌లోని ఎనిమిది మ్యాచ్‌లూ ఆగిపోయాయి. క్రీడాకారిణులు అడిగింది ఏడాదికి 16,000 యూరోల కనీస జీతం. 2020 ఫిబ్రవరిలో సాధించుకున్నారు. పురుషుల లీగ్‌లో ఓ మోస్తరు ఆటగాడు కొద్ది రోజుల్లో సంపాదించే డబ్బది. 2021 జూన్‌లో ప్రభుత్వం మహిళల లీగ్‌ను ప్రొఫెషనల్‌గా గుర్తించింది. అదే ఏడాది వేసవిలో పరేదేస్ తిరిగొచ్చింది. ఆ శరదృతువులో ఆమె ఇంట్లో మరో సంబరం. భాగస్వామి, హాకీ క్రీడాకారిణి అయిన లూసియా ఇబార్రాకు కొడుకు పుట్టాడు.

వెనక సగం మైదానం ఖాళీ

బార్సిలోనాలో డిఫెండర్ ఉద్యోగం విచిత్రమైంది. జట్టు దాదాపు ఎప్పుడూ ప్రత్యర్థి సగంలోనే ఉంటుంది. సెంటర్ బ్యాక్‌లు మధ్య గీత దాకా వచ్చి నిలబడతారు. వెనక మిగిలేది గోల్‌కీపర్, సగం మైదానం ఖాళీ. బంతి పోయిందా, అవతలి వింగర్ ఆ ఖాళీలోకి దూసుకెళ్తుంది. అలాంటప్పుడు కాళ్ల వేగం కన్నా ముందు కళ్లు పనిచేయాలి. పాస్ ఇవ్వబోయే మనిషి భుజం ఎటు తిరిగిందో చూసి, ఒక అడుగు ముందుకేసి ఆఫ్‌సైడ్‌లో ఇరికించాలా, వెనక్కి పరుగెత్తాలా అన్నది అరక్షణంలో తేల్చుకోవాలి. పొడగరి కాబట్టి గాల్లో బంతులు పరేదేస్‌వే. కానీ ఆమె అసలు విద్య ఈ తేల్చుకోవడంలో ఉంది. మంచి రోజున ఆమె నేలమీద జారి చేసే టాకిల్ ఒక్కటి కూడా కనపడదు. జారాల్సిన అవసరం రాకుండా ముందే అక్కడ ఉంటుంది కాబట్టి.

ఆమె వచ్చిన తొలి సీజన్‌లో బార్సిలోనా లీగ్‌లో 30కి 30 మ్యాచ్‌లూ గెలిచింది. కొట్టినవి 159 గోల్స్, ఇచ్చినవి 11. కాంప్ నౌ స్టేడియానికి ఒకే సీజన్‌లో రెండుసార్లు 91 వేల మందికి పైగా జనం వచ్చారు. 2023లో ఐంథోవెన్ ఫైనల్లో 0-2 నుంచి లేచి 3-2తో చాంపియన్స్ లీగ్ గెలిచారు. మరుసటేడు ఫైనల్ బిల్బావోలోని శాన్ మమేస్‌లో. తన పాత క్లబ్ మైదానంలోనే, 50 వేలకు పైగా జనం ముందు, ప్యారిస్ రోజుల నుంచీ ఏడిపించిన లియోన్‌ను 2-0తో ఓడించి కప్పు అందుకుంది. ఆ సాయంత్రానికి మించిన ప్రతీకారం క్లబ్ ఫుట్‌బాల్‌లో ఆమెకు ఇంకేం కావాలి!

ఈమెయిల్ పంపని మనిషి

జాతీయ జట్టు కథ ఇంత హాయిగా సాగలేదు.

పరేదేస్ 2011లో స్పెయిన్‌కు ఆడడం మొదలుపెట్టినప్పుడు కోచ్ ఇగ్నాసియో కెరెదా. 1988 నుంచి ఆయనే! ఆమె పుట్టకముందే ఆ కుర్చీలో కూర్చున్నాడు. 2015లో కెనడాలో స్పెయిన్ మహిళలు తొలి వరల్డ్ కప్ ఆడి ఒక్క మ్యాచ్ గెలవకుండా ఇంటిముఖం పట్టారు. జట్టులోని 23 మందీ కలిసి కోచ్ వెళ్లిపోవాలని బహిరంగ లేఖ రాశారు. ఆయన దిగిపోయాడు, హోర్హే విల్దా వచ్చాడు. ఆటలో మెరుగు కనిపించింది. క్రీడాకారిణులతో ఫెడరేషన్ తీరు మాత్రం పెద్దగా మారలేదు.

2022 యూరో నాటికి అలెక్సియా మోకాలికి గాయమై తప్పుకుంటే పరేదేసే కెప్టెన్‌గా జట్టును నడిపింది. క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ చేతిలో అదనపు సమయంలో ఓటమి. ఆగస్టు చివర్లో కెప్టెన్లు తమ అసంతృప్తిని పైవాళ్ల ముందుంచారు. శిక్షణ ప్రమాణాలు, ప్రయాణ ఏర్పాట్లు, కోచ్ పద్ధతి మీద. సెప్టెంబరులో 15 మంది విడివిడిగా, ఒకే మాటలున్న ఈమెయిల్స్ పంపారు. ఈ పరిస్థితి తమ మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీస్తోందనీ, మార్పు వచ్చేదాకా తమను ఎంపిక చేయొద్దనీ. తప్పు ఒప్పుకుని క్షమాపణ చెబితేనే తిరిగి తీసుకుంటామని ఫెడరేషన్ జవాబిచ్చింది.

పరేదేస్ ఆ ఈమెయిల్ పంపలేదు. అయినా తర్వాతి జట్టులో ఆమె పేరు లేదు. కెప్టెన్‌గా ముందుండి మాట్లాడినందుకు అది శిక్ష అని అర్థం చేసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ అక్టోబరులోనే మిగిలినవాళ్లతో కూడిన స్పెయిన్ పాంప్లోనాలో అమెరికాను 2-0తో ఓడించింది. అదే నెల 30న మన నవీ ముంబయిలో స్పెయిన్ అమ్మాయిలు కొలంబియాను ఓడించి అండర్-17 వరల్డ్ కప్ గెలిచారు. ఇంత ప్రతిభ నిల్వ ఉంటే 15 మంది పోతే ఏమిటని విల్దా పక్షం వాదించడానికి అవి పనికొచ్చాయి.

2023లో, వరల్డ్ కప్‌కు ముందు, పరేదేస్‌ను తిరిగి పిలిచారు. ఆమె వెళ్లింది. ఈ నిర్ణయాన్ని అప్పుడు తప్పుపట్టినవాళ్లున్నారు. ఈమెయిల్ పంపిన 15 మందిలో బొన్మతీ, మరియోనా, ఓనా బట్లే ముగ్గురే టోర్నీకి వెళ్లారు. బార్సిలోనాలో పరేదేస్ పక్కన ఆడే మాపి లియోన్ మాట మీద నిలబడి వరల్డ్ కప్పునే వదులుకుంది. ఇద్దరిలో ఎవరిది సరైన దారి? నా మటుకు ఇద్దరిదీ అనిపిస్తుంది. బయట నిలబడి తలుపు తట్టేవాళ్లు ఒకరు లేకపోతే లోపలున్నవాళ్ల మాటకు బరువుండదు. లోపల ఒకరు లేకపోతే తర్వాత జరిగినదాన్ని పట్టుకుని నిలదీసే అవకాశమే ఉండేది కాదు.

సిడ్నీ, ఆ తర్వాత

వెల్లింగ్టన్‌లో జపాన్ 4-0తో కొట్టిన దెబ్బ ఆ టోర్నీకి మలుపు. బంతి స్పెయిన్ దగ్గరే ఉంది, గోల్స్ మాత్రం జపాన్‌వి. పైన చెప్పిన ఖాళీ సగంలోకి జపాన్ అమ్మాయిలు నాలుగుసార్లు దూసుకెళ్లారు. ఆ రక్షణ వరసలో పరేదేస్ ఉంది. తర్వాతి మ్యాచ్‌కు విల్దా గోల్‌కీపర్‌ను, పక్కనున్న సెంటర్ బ్యాక్‌ను మార్చాడు గానీ పరేదేస్‌ను కదపలేదు. స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్, స్వీడన్‌లను దాటి... ఆగస్టు 20న సిడ్నీలో 75,784 మంది ముందు ఇంగ్లండ్‌తో ఫైనల్. 29వ నిమిషంలో ఎడమ డిఫెండర్ ఓల్గా కార్మోనా కొట్టిన గోల్ ఒక్కటే. చేతికి కెప్టెన్ పట్టీ కట్టుకున్నది కూడా ఆమే, పరేదేస్ కాదు. 70వ నిమిషంలో ఎర్మోసో పెనాల్టీ ఆగిపోయింది. చివర్లో రిఫరీ 13 నిమిషాల ఇంజురీ టైమ్ ఇచ్చింది. ఒక్క గోల్ ఆధిక్యంతో ఆ 13 నిమిషాలు కాపాడటం ఎంత నరకమో ఫుట్‌బాల్ చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

పతకాలిచ్చే వేదిక మీద ఫెడరేషన్ అధ్యక్షుడు లూయిస్ రుబియాలెస్ ఎర్మోసోను బలవంతంగా ముద్దు పెట్టుకోవడం ప్రపంచమంతా చూసింది. ఐదు రోజుల తర్వాత రాజీనామా చేయనని ఆయన ఫెడరేషన్ సభలో అరిచాడు. ఆయన ఉన్నంతకాలం ఆడబోమని 81 మంది క్రీడాకారిణులు సంతకాలు చేశారు. ఫిఫా సస్పెండ్ చేసింది, విల్దాను తీసేశారు, సెప్టెంబరు 10న రుబియాలెస్ దిగిపోయాడు. అయినా కొత్త కోచ్ మోంసె తోమే, రాబోమన్నవాళ్లనే జట్టులో ప్రకటించింది. రాకపోతే చర్యలుంటాయన్న బెదిరింపుతో వాళ్లు శిబిరానికి చేరారు. వాలెన్సియా దగ్గర ఒలీవాలోని హోటల్లో ప్రభుత్వ క్రీడా అధికారులు, ఫెడరేషన్, క్రీడాకారిణులు తెల్లవారుజాము దాకా కూర్చున్నారు. మాపి లియోన్, పాట్రి గిహార్రో వెళ్లిపోయారు. మిగిలిన 21 మంది హామీలు రాయించుకుని ఉండిపోయారు.

సెప్టెంబరు 21న గోథెన్‌బర్గ్‌లో విలేకరుల ముందు కూర్చున్నది అలెక్సియా, పరేదేస్. ఇది ఒక మనిషితో తగాదా కాదు, తరాలుగా సాగుతున్న వివక్ష అని చెప్పారు. మరునాడు స్వీడన్‌ను 3-2తో ఓడించారు. ఆ వారమే ఫెడరేషన్ తన మహిళల జట్టు పేరులోంచి ‘మహిళల’ అన్న మాట తీసేసింది. ఇప్పుడు రెండు జట్లకూ ఒకే పేరు, స్పెయిన్ ఫుట్‌బాల్ జట్టు.

2025 ఫిబ్రవరిలో ఆ ముద్దు కేసు విచారణకొచ్చినప్పుడు పరేదేస్ సాక్షిగా కోర్టు మెట్లెక్కింది. రుబియాలెస్‌ను లైంగిక దాడి నేరంలో దోషిగా తేల్చి న్యాయస్థానం 10,800 యూరోల జరిమానా వేసింది. జైలు లేదు. అదే ఏడాది వేసవిలో 34 ఏళ్ల వయసులో, ఈసారి కెప్టెన్‌గా, యూరో ఫైనల్ ఆడింది. బాసెల్‌లో ఇంగ్లండ్ షూటౌట్‌లో 3-1తో సిడ్నీ బాకీ తీర్చుకుంది.

వరల్డ్ కప్ గెలిచిన రోజు లేని కెప్టెన్ పట్టీ, ఓడిన ఫైనల్లో చేతికుంది. ఆమె పక్షాన నాకు కొంచెం కోపం వచ్చే విషయం ఇదొక్కటే.

సిడ్నీ ఫైనల్ వీడియో దొరికితే ఈ ఆదివారం మరోసారి చూడండి. గోల్ ఎలాగూ తెలుసు, అది వదిలేయండి. చివరి పావుగంట పెట్టుకుని, బంతి ఇంగ్లండ్ కాళ్ల దగ్గరున్నప్పుడల్లా నాలుగో నంబర్ జెర్సీ ఎక్కడ నిలబడిందో గమనించండి.